భోజనం చెయ్యకుండా వెళ్లిన మనిషి

పోయిన వారం మనం దుర్గాశ్రీని దానవాయిపేట నెట్ సెంటర్లో, మోగుతున్న ఫోను ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇప్పటికీ ఎత్తాలా వద్దా అని దానివంకే చూస్తోంది. ఎత్తనిచ్చే ముందు, ఈ మధ్యే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

దుర్గాశ్రీది కొవ్వూరు. విశాఖపట్నంలో బొమ్మలు వెయ్యడం చదువుకుని, తనకి వెయ్యడం కంటే చూడ్డం బాగా వచ్చని తెలుసుకుని ఇంటికొచ్చేసింది. ఆ మాట పైకి ఒప్పుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి! మేనత్త కొడుకు గణేష్‌బాబు రాజమండ్రిలో నెట్ సెంటర్ పెడితే, అతన్ని బతిమాలి, బెదిరించి, ఒక వెబ్‌సైటు కట్టించింది. గోదావరికి ఈ ఒడ్డునైనా ఆ ఒడ్డునైనా బొమ్మల ఎగ్జిబిషన్ ఎక్కడ జరిగినా అందులో ఉంటుంది. ఎవరు వేశారు, ఏ బస్సెక్కాలి, ఏ బొమ్మ ముందు కాసేపు ఆగాలి, అన్నీ. దాని కింద చూసొచ్చినవాళ్ల మాటలు. అసలు ఆ మాటల కోసమే సైటు.

ఆ మాటలు రాబట్టడానికే తలప్రాణం తోకకొచ్చింది. మొదట్లో హాల్లోనే నిలబడి "ఎలా ఉన్నాయండీ?" అని అడిగేది. "చాలా బాగున్నాయండీ" అనేవారు అందరూ. బొమ్మలు వేసినాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, మన జిల్లాలవాళ్లు మరోమాట అంటారా? గేటు దాటి గోలీసోడా బండి దగ్గరికి చేరాక గానీ అసలు సంగతి బయటికి రాదు. అది కనిపెట్టి దుర్గాశ్రీ తన బల్లా కుర్చీ సోడా బండి పక్కకి మార్చేసింది. ప్రశ్న కూడా మార్చింది. "ఇంటికెళ్లి ఏం చెబుతారండీ?" అని అడగడం మొదలెట్టింది.

ఇక చూసుకోండి! "ఆ గుర్రం కాళ్లు వేరే గుర్రానివని చెబుతానండి" అన్నాడొకాయన. "ఆ పెరడు చూస్తే మా అమ్మమ్మ పెరడు గుర్తొచ్చి ఏడుపొచ్చిందని చెబుతా" అందొకావిడ. కాగితం మీద రాసుకున్నది రాసుకున్నట్టు, కాలేజీ పిల్లల మాట పక్కన కూరగాయలమ్మే ఆవిడ మాట పెట్టి సైటుకి ఎక్కించేది. చదువుతుంటే ఎగ్జిబిషన్ మరోసారి చూసినట్టుండేది. ఇంత చిన్న ప్రశ్నతో ఇంతమంది నోళ్లు విప్పించిన పిల్లని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

నియమాలు కూడా గట్టివే పెట్టుకుంది. చెప్పినవాళ్లు తీసెయ్యమంటే తప్ప ఎవరి మాటా తియ్యకూడదు. వద్దన్నవాళ్ల పేరూ ఊరూ ఎవరికీ చెప్పకూడదు. బల్ల దగ్గర కూర్చున్నది తనైనా బావైనా, విన్నవాళ్లే రాసి ఎక్కించాలి. అక్కడ విన్నది తనూ బావా ఒకళ్లకొకళ్లు కూడా చెప్పుకోకూడదు.

అలాంటి సైటుకి జగపతిరాజు గారి ఎగ్జిబిషన్ వచ్చి పడింది.

రాజుగారిది భీమవరం పక్క. చేపల చెరువులున్న పెద్దమనిషి. అరవై దాటాక, వేసిన బొమ్మలన్నీ లారీలో వేసుకుని మొదటిసారి రాజమండ్రి వచ్చారు. ఆయన పద్ధతి ఆయనది. చూడ్డానికొచ్చినవాళ్లని వట్టి కడుపుతో పంపడం ఇంటా వంటా లేదు గనక, హాలు వెనకాల షామియానా వేయించి భోజనాలు పెట్టించారు. రొయ్యల వేపుడు, కొర్రమీను పులుసు, గోంగూర, చివర్లో పూతరేకులు. తిన్నవాళ్లు సోడా బండి దగ్గరికొచ్చి ఇంటికెళ్లి ఏం చెబుతామన్నారు? రొయ్యల వేపుడు గురించి చెబుతామన్నారు. సైటు నిండా కూరలే! ఒకాయనైతే పూతరేకుల మీద పేజీ నిండా చెప్పి, బొమ్మల గురించి అడిగితే "అవీ ఉన్నాయండి" అన్నాడు. ఉప్పు తిన్న నోటితో ఇంకేమంటాడు?

దుర్గాశ్రీ ద్రాక్షారామం పెళ్లికి వెళ్లిన రోజున, గణేష్‌బాబు ఒక్కడే బల్ల దగ్గర ఉన్నప్పుడు, ఈ మాట వచ్చింది:

"నేను భోజనం చెయ్యకుండా వచ్చేశానండి, అందుకని ఉన్నమాట చెప్పొచ్చు. చెరువులు చాలా బాగా వేశారు. నీళ్లమీద మబ్బు నీడ పడ్డ బొమ్మ దగ్గర నాకు కదలబుద్ధి కాలేదు. కానీ కాలవ రేవు బొమ్మలో, కింది మెట్టు మీద, ఎవరో మనిషిని వేసి మళ్లీ పైన రంగు వేసేశారు. పక్కకి జరిగి చూస్తే అక్కడ రంగు ఉబ్బెత్తుగా ఉంది. ఇంటికెళ్లి అదే చెబుతాను. మనిషిని వేశారు, ఉంచలేకపోయారు అని."

పేరు లేదు. మర్నాటికల్లా ఊళ్లో బొమ్మలు చూసే అలవాటున్నవాళ్లూ, లేనివాళ్లూ, అందరూ రేవు బొమ్మ ముందుకెళ్లి తలలు పక్కకి వంచి చూడ్డం మొదలెట్టారు. హాలు కమిటీ కార్యదర్శి చంద్రరావు గారికి ముచ్చెమటలు పోశాయి. సాయంత్రంలోగా ఆ మాట తీసెయ్యకపోతే ఈ ఊళ్లో ఏ హాలు గేటు దగ్గరా బల్ల కనపడకూడదని కబురు పెట్టారు. బల్ల లేకపోతే మాటల్లేవు. మాటల్లేకపోతే సైటు లేదు. తీసేస్తే మాత్రం ఏం మిగిలినట్టు? రేపెవరైనా నోరు విప్పుతారా?

ఇదండీ సంగతి. ఫోను ఇంకా మోగుతోంది. దుర్గాశ్రీ ఎత్తింది.

"అమ్మా, నేను చంద్రరావుని. వస్తున్నాం" అన్నారు అవతల్నించి.

"మీరాండీ?"

"నేనొక్కణ్ణే అయితే ఇంత చెప్పడమెందుకు? రాజుగారు కూడా! జీపులో ఉన్నాం. ఆ ముక్క కాస్తా తీసేసి ఉంచు తల్లీ, పుణ్యముంటుంది."

ఫోను పెట్టేసి దుర్గాశ్రీ సెంటరంతా ఒకసారి చూసింది. కరెంటు పోయి యూపీయస్ కుయ్ కుయ్ మంటోంది. రిజల్ట్స్ చూసుకోడానికొచ్చిన ఇద్దరమ్మాయిలు లేచి వెళ్లిపోయారు. బావ సోడా బండి దగ్గరున్నాడు. అక్కరకొచ్చే టైములో ఉండడు మహానుభావుడు అని తిట్టుకుంది. ఆ మాట స్క్రీను మీద ఎదురుగానే ఉంది. మౌసు మీద చెయ్యి వేస్తే ఒక్క నొక్కుతో పోతుంది. భయపడలేదంటే అబద్ధమే అవుతుంది.  అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మెట్ల మీద కిర్రు చెప్పుల చప్పుడు. ముందు చంద్రరావు గారొచ్చారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. వెనకాల జగపతిరాజు గారు. మల్లెపువ్వులాంటి పంచె, మడిచిన చేతుల చొక్కా, గోళ్లలో మాత్రం నీలం రంగు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చారు. నెట్ సెంటర్లోకి చెప్పులు విడిచి వచ్చిన మనిషిని దుర్గాశ్రీ అదే చూడ్డం.

"మీరేనాండీ దుర్గాశ్రీ గారు?" అన్నారాయన.

రాజుల ఇళ్లల్లో ఉయ్యాల్లో పసిపిల్లనైనా 'అండీ' అనే పిలుస్తారని ఆమెకి తెలుసు. తెలిసినా, ఆ గొంతులో ఆ మర్యాద వినేసరికి లేచి నిలబడిపోయింది. "ఆయ్, నేనేనండి. కూర్చోండి."

"తీసేశావా?" చంద్రరావు గారు ఆగలేకపోయారు. "రాజుగారు పెద్దమనసుతో వచ్చారు కాబట్టి సరిపోయింది గానీ..."

"తియ్యలేదండి."

"తియ్యలేదా!"

"తియ్యనండి. చెప్పిన మనిషొచ్చి తీసెయ్యమంటే తీస్తాను. మీరన్నారని తీస్తే, రేపు నా బల్ల దగ్గర ఎవరూ నిజం చెప్పరు. రొయ్యల గురించే చెబుతారు."

ఆఖరి మాట అనేశాక నాలిక్కరుచుకుంది. పెట్టినాయన ఎదురుగానే ఉన్నాడు! చంద్రరావు గారి మొహం ఎర్రబడింది. ఇంకేదో అనబోతుంటే రాజుగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మీసం కింద నవ్వుందో లేదో దుర్గాశ్రీకి తెలియలేదు.

"ఎక్కడుందండీ అది? నా కళ్లతో నేను చదవలేదు. మనవాళ్లు ఫోన్లో చదివి వినిపించారు."

ఆమె స్క్రీను ఆయనవైపు తిప్పింది. రాజుగారు ముందుకి వంగి, చిన్నపిల్లలు వాచకం చదివినట్టు పైకి చదివారు. భోజనం చెయ్యకుండా అన్నచోట ఆగారు. మళ్లీ మొదట్నించి చదివారు. ఈసారి కూడా అక్కడే ఆగారు. మిగతాది పూర్తి చేశారు.

కోపం వస్తుందని కాచుకుని కూర్చుంది దుర్గాశ్రీ. కోపమే వచ్చి ఉంటే బాగుండేది, ఎదురు చెప్పడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆయన కళ్లు తడిశాయి. తుడుచుకోనూ లేదు, దాచుకోనూ లేదు.

"ఇంతమంది వచ్చారు. పేపర్లవాళ్లొచ్చారు, కాలేజీల్లో బొమ్మలు చెప్పేవాళ్లొచ్చారు. ఈ ఒక్క మనిషి చూసిందండీ, నా బొమ్మ. చూడటమంటే ఇది. మీరు సోడా బండి దగ్గర బల్ల వేసుకుని కూర్చోకపోతే ఈ మాట నాదాకా వచ్చేదేనా?"

"రాజుగారూ..." అన్నారు చంద్రరావు గారు, అయోమయంగా.

"మీరు కాసేపు ఊరుకోండి చంద్రరావు గారూ. ఈ అమ్మాయి గారిని నేను మెచ్చుకోడానికొచ్చాను. మీరేమో జీపెక్కిందగ్గర్నించీ ఇంకేదో అనుకుంటున్నారు." ఆయన దుర్గాశ్రీ వైపు తిరిగారు. "రేపట్నించి ఆ బల్ల గేటు బయట వద్దండి. లోపల, నా పక్కన వెయ్యండి."

"వద్దండీ బాబూ!" అంది దుర్గాశ్రీ గాభరాగా. "మీ పక్కనుంటే మళ్లీ అందరూ బాగుందనే అంటారు. బయటే ఉండనివ్వండి."

రాజుగారు గట్టిగా నవ్వారు. చంద్రరావు గారు కూడా, నవ్వాలో వద్దో తేల్చుకోలేక, సగం నవ్వారు. ఆ నవ్వుతో దుర్గాశ్రీ గుండెల మీంచి బరువు దిగింది. సైటు నిలబడింది! బావకి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. కానీ రాజుగారి నవ్వు ఆగిపోయి, ఆయన మళ్లీ స్క్రీను వైపు చూస్తున్నారు.

"ఆవిడ మా అక్కయ్యండి" అన్నారు.

"ఎవరండీ?"

"ఆ కింది మెట్టు మీద కూర్చున్నదీ మా అక్కయ్యే, ఈ మాట చెప్పిందీ మా అక్కయ్యే. సూర్యకాంతమ్మ. బొగ్గుముక్క తడిపి రేవు మెట్ల మీద కొంగల్నీ పడవల్నీ గీసేది. నా చెయ్యి పట్టుకుని మొదటి గీత గీయించింది. ఈ చెరువులన్నీ నేను వేసినవే, కాదనను. చెయ్యి తిప్పడం మాత్రం ఆవిడదండి."

హైస్కూలుకి డ్రాయింగు మాస్టారుగా జ్ఞానప్రకాశం గారని ఒకాయన వచ్చారట. సూర్యకాంతమ్మ గారు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకుని, ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. ఆయన చర్చికి వెళ్లే మనిషి. రాజుగారింట్లో అందరూ ఆవిడ పేరెత్తడం మానేశారు. తండ్రి పోయినప్పుడు భర్తతో కలిసి ఒక్కసారి వచ్చారు. పెద్దలు ఆవిడకి లోపల పీట వేసి, ఆయనకి వాకిట్లో విస్తరి వేయించారు. ఆవిడ అన్నంలో చెయ్యి పెట్టబోయి, వాకిట్లోకి చూసి, లేచి చెయ్యి కడుక్కుని, భర్తని తీసుకుని వెళ్లిపోయారు.

"అంతేనండి. మళ్లీ రాలేదు. మా గడపలోకొచ్చి మెతుకు ముట్టకుండా వెళ్లిన మనిషి ఇన్నేళ్లలో ఆవిడొక్కతే. మొన్న నా ఎగ్జిబిషన్‌కొచ్చి, ఆ జనంలో నేను గుర్తుపట్టలేదు, మళ్లీ తినకుండా వెళ్లింది. తిననని చెప్పి మరీ వెళ్లింది." రాజుగారు చేతులు జోడించారు. "ఎక్కడుంటారో చెప్పండమ్మా. మీకు తెలుసు."

దుర్గాశ్రీ ఆ జోడించిన చేతులవంక చూసింది. అంత పెద్దమనిషి! చెప్పెయ్యాలనిపించింది. చెప్పడానికి తన దగ్గరేమీ లేదు, విన్నది బావ. సోడా బండి దగ్గరికి ఒక్క కబురు పెడితే బావ వస్తాడు. అయినా ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలీదండి. తెలిసినా చెప్పను. పేరొద్దన్నారంటే, ఆవిడకి ఇష్టమైనప్పుడే మీకు తెలియాలి. క్షమించండి."

చంద్రరావు గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.  రాజుగారు నెమ్మదిగా చేతులు దించారు.

"నా మొహం మీద కాదన్నారు మీరు. ఇంకెవరికి చెబుతారు! మంచిదండి. మా అక్కయ్య మాట మంచిచోటే పెట్టింది." ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "పోనీ నా మాట రాసుకుంటారా? నేనూ చూసొచ్చినవాణ్ణేగా."

దుర్గాశ్రీ కీబోర్డు ముందుకి లాక్కుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. రాజుగారు ఆ వింత చూస్తూ కూర్చున్నారు. ఆమె అందరినీ అడిగినట్టే అడిగింది.

"జగపతిరాజు గారి ఎగ్జిబిషన్ చూశారు కదండీ. ఇంటికెళ్లి ఏం చెబుతారు?"

ఆయన గోళ్లలో రంగు గిల్లుకున్నారు. 

"ఇలా రాయండి" అన్నారు చివరికి. "చెరువులు వేసినంతసేపూ ఆయన చెయ్యి బాగానే ఆడింది. అక్కగారిని వేసేసరికి, ఎవరీవిడ అని జనం అడుగుతారని భయపడి రంగు కప్పేశాడు. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు. పైరంగు ఇంకా పూర్తిగా ఎండలేదు, టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. రేపు పొద్దున్నే అందరూ చూస్తుండగా తుడిచేస్తాడు. సూర్యకాంతమ్మ గారు వచ్చి తన చోటు తను చూసుకోవాలి. ఆవిడ వచ్చేదాకా ఆయన హాలు గుమ్మంలో నిలబడే ఉంటాడు. పచ్చి మంచినీళ్లు ముట్టడు."

దుర్గాశ్రీకి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని కొట్టింది. "పేరు వెయ్యమంటారాండీ?"

"ఇంటిపేరుతో సహా వెయ్యండి" అన్నారు రాజుగారు.

మాట సైటుకి ఎక్కింది. ఆయన లేచి, దుర్గాశ్రీ తలమీద చెయ్యి పెట్టి, మెట్లు దిగారు. వెనకాల చంద్రరావు గారు, "ఏవిటో అమ్మా, ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకు" అని గొణుక్కుంటూ వెళ్లారు. దుర్గాశ్రీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన బొమ్మలకి కాదు, ఆయన రాయించిన ఆ నాలుగు మాటలకి. సిగ్గుపడ్డాడు అని తన పేరు పెట్టి తనే రాయించుకునే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

గణేష్‌బాబు మెట్ల మీద వాళ్లకి ఎదురుపడి, గోడకి ఒదిగి దారిచ్చి, పైకొచ్చాడు.

"ఏంటి దుర్గా, రాజుగారు నవ్వుతూ వెళుతున్నారేంటి? తీసేశావా?"

"తియ్యలేదు బావా! ఇటు రా, చదువు" అంది. ఆనందం పట్టలేక అతని చొక్కా పట్టుకుని స్క్రీను ముందుకి లాగింది.

గణేష్‌బాబు నిలబడే చదివాడు. సగంలోకి వచ్చేసరికి కుర్చీలో కూలబడ్డాడు.

"సూర్యకాంతమ్మా?" అన్నాడు.

"వాళ్లక్క గారు. నువ్వు రాసుకున్నావే, ఆవిడే. బావా, ఆ పెద్దావిడ ఎలా ఉన్నారో మాత్రం నాకు చెప్పకు. నియమం నియమమే."

"దుర్గా, ఇవాళ నీ నియమం తప్పుతున్నా. తిట్టుకో" అన్నాడు గణేష్‌బాబు. "ఆ మాట చెప్పింది పెద్దావిడ కాదు. ముప్పై ఏళ్ల అమ్మాయి. అన్నీ చెప్పాక పేరు వెయ్యమంటారా అని అడిగా. నా పేరొద్దండి, మా అమ్మ పేరు వేస్తారా అంది. అమ్మ పేరు సూర్యకాంతమ్మ అంది."

"అయితే కూతురన్నమాట! అమ్మే పంపించి ఉంటుంది. ఇంకా మంచిది కదా, రేపు ఇద్దరూ..."

"చనిపోయినవాళ్ల పేర్లు కూడా వేస్తారా అండీ, అని అడిగింది" అన్నాడు గణేష్‌బాబు. "నాకు ఏం చెప్పాలో తోచలేదు. పోన్లెండి, ఏ పేరూ వద్దు, ఎవరికీ చెప్పకండి అని వెళ్లిపోయింది."

 దుర్గాశ్రీ కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద, వీధిలో, రాజుగారు జీపు పక్కన నిలబడి, ఎవరికో ఫోన్లో పురమాయిస్తున్నారు. కిటికీలో ఆమెని చూసి మొహమంతా వెలిగిపోతూ చెయ్యెత్తారు.

"అమ్మాయి గారూ! రేపు పొద్దున్నే మీరు వచ్చెయ్యాలండీ. మా అక్కయ్యకి మిమ్మల్ని నేనే చూపించాలి!"

దుర్గాశ్రీ నోరు తెరిచింది. వెనకనుంచి గణేష్‌బాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకండి అంది దుర్గా. ఆ పిల్లకి నేను మాటిచ్చా, నీ సైటు పేరు మీద."

"ఆయన గుమ్మంలో నిలబడతారు బావా. మంచినీళ్లు కూడా ముట్టకుండా నిలబడతారు. ఎవరి కోసం?"

 కింద జీపు స్టార్టయింది. దుర్గాశ్రీ చెయ్యి విడిపించుకుని, చెప్పులైనా వేసుకోకుండా, మెట్ల మీద పరుగెత్తింది.